చేతులు చూస్తే దేవుడు తెలుస్తాడు: చిన్న పంచలోహ విగ్రహాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా అమ్మమ్మ పూజగూట్లో జానెడు ఎత్తు రాముడు ఉండేవాడు. విల్లు లేదు, బాణం లేదు, రెండు పిడికిళ్ళూ బోసిగా ఉండేవి. అయినా ఆయన చెయ్యి ఖాళీగా ఉన్న రోజు నాకు గుర్తు లేదు. పొద్దున్నే తులసిరెమ్మ ఒకటి తుంచి అమ్మమ్మ ఆ పిడికిట్లో దోపేది. విగ్రహ లక్షణాల గురించి చదవడం మొదలుపెట్టాక గానీ ఆవిడ చేసిన పనిలో ఎంత అర్థముందో నాకు తెలియలేదు. అప్పటినుంచీ బంధువులు, స్నేహితులు, వాళ్ళ స్నేహితులు ఫోనులో ఫొటోలు పంపి "ఇది ఎవరు?" అని అడుగుతూనే ఉన్నారు. ఎక్కువమంది అడిగేవాటికి జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

విగ్రహం చేతికి రాగానే ముందు ఏం చూడాలి?

చేతులు. అందరూ ముందు ముఖం చూస్తారు. కానీ చిన్న విగ్రహాల్లో ముఖం ఏ దేవుడికైనా ఇంచుమించు ఒకటే. శివుడి ముఖం, విష్ణువు ముఖం పక్కపక్కన పెట్టి చూపిస్తే పండితులు కూడా తడబడతారు. కాబట్టి చేతులెన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. వెనక చేతుల్లో ఏమున్నాయో చూడండి, దేవుడి పేరు చెప్పేవి అవే. ముందు చేతులు ఆయన మనకు చెప్పే మాట: అరచెయ్యి పైకెత్తి చూపిస్తే అభయం, వేళ్ళు కిందికి చాపితే వరదం, నడుం మీద ఆనిస్తే కటిహస్తం.

ఆ తర్వాత తల. పొడవాటి గుండ్రని కిరీటం విష్ణువుది. జడలు పైకి కట్టి ముడేస్తే జటామకుటం, అది శివుడిది. కుండలు ఒకదాని మీద ఒకటి బోర్లించినట్టుంటే కరండమకుటం, అది ఎక్కువగా దేవేరులది. చివరగా పాదాలు, పీఠం.

ఒక జాగ్రత్త. విగ్రహశాస్త్రంలో కుడి, ఎడమ అంటే దేవుడి కుడి, దేవుడి ఎడమ. ఎదురుగా నిలబడి చూసే మనవి కాదు. నాకు వచ్చే తప్పుడు గుర్తింపుల్లో సగం ఈ ఒక్క పొరపాటు వల్లనే.

కంచు అంటారు, పంచలోహం అంటారు, చూస్తే ఇత్తడిలా ఉంటుంది. ఏది నిజం?

కంచు అంటే రాగిలో తగరం కలిపింది. గుడిగంట, మన పాత కంచు కంచాలు దానివే. ఇత్తడి అంటే రాగిలో జింకు, అదే తుత్తునాగం, కలిపింది. పంచలోహం అంటే సాధారణంగా రాగి, ఇత్తడి, సీసం లేదా తగరం, వెండి, బంగారం. పేరుకు అయిదు లోహాలైనా సింహభాగం రాగిదే. వెండి, బంగారం నామమాత్రం. విగ్రహం చేయించేవాళ్ళు లోహం కరుగుతున్నప్పుడు ఉంగరపు ముక్కో ముక్కుపుడకో మూసలో వేసే ఆనవాయితీ ఇప్పటికీ ఉంది. చోళుల కాలపు విగ్రహాలను వాడుకలో కంచు విగ్రహాలు అంటున్నాం గానీ అవీ ప్రధానంగా రాగివే.

బజారులో పంచలోహమని అమ్మే చిన్న బొమ్మల్లో చాలావాటికి ఇత్తడి పసుపే కనిపిస్తుంది. పీఠం అడుగున గీరుకుపోయిన చోట చూడండి. ఎర్రటి రంగు ఉంటే రాగి పాలు ఎక్కువని, పచ్చగా ఉంటే ఇత్తడి అని అర్థం. ఇత్తడి విగ్రహానికి దైవత్వం తక్కువ కాదు. కాకపోతే పంచలోహం ధర పెట్టి ఇత్తడి కొనకండి.

చేతిలో ఏమీ లేదు, వేళ్ళు మాత్రం ముడుచుకుని ఉన్నాయి. వస్తువు విరిగిపోయిందా?

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది. చాలాసార్లు విరగలేదు. ఆ చెయ్యి ఖాళీగా ఉండటానికే పుట్టింది. బొటనవేలికీ మిగతా వేళ్ళకీ మధ్య సన్నని రంధ్రం మిగిలేలా ముడిస్తే దాన్ని కటక హస్తం అంటారు. పార్వతి కుడిచెయ్యి అలా ఉంటుంది. అందులో రోజూ తాజా పువ్వు పెట్టాలి. లోహపు పువ్వు పోసి పెడితే అర్చకుడికి పనేముంది? ఈ విగ్రహాలు మూసలోంచి బయటికి వచ్చేసరికి పూర్తయినవి కావు. బట్ట కట్టి, పూలు ముడిచి, నగ పెట్టాకే పూర్తవుతాయి. మ్యూజియం అద్దాల వెనక మనం చూసే అందం నిజానికి గుడిలో చీర మడతల కింద దాగి ఉండేది.

రాముడి రెండు చేతులూ ఈ తీరులోనే ఉంటాయి, కుడిచేత బాణం, ఎడమచేత విల్లు. వాటిని విడిగా చేసి దోపుతారు కాబట్టి ముందుగా పోయేవీ అవే. వేణుగోపాలుడి పిల్లనగ్రోవిదీ అదే గతి. శివుడి విషయంలో చిక్కు ఇంకాస్త ఎక్కువ. ముందు చేతులు రెండూ వస్తువు పట్టుకునే తీరులో ఉంటే అది విల్లు పట్టిన త్రిపురాంతకుడైనా కావచ్చు, వీణ పట్టిన వీణాధర దక్షిణామూర్తి అయినా కావచ్చు. వీణకైతే ఒక చెయ్యి పైనా ఒక చెయ్యి కిందా వాలుగా అమరుతుంది.

లేని వస్తువును ఊహించి చూడటం ఎంత ముఖ్యమో తెలియాలంటే తంజావూరు ఆర్ట్ గ్యాలరీలో ఉన్న తిరువెంకాడు వృషవాహన మూర్తిని చూడాలి. 1011 నాటిది. శివుడు కాళ్ళు అడ్డంగా వేసి నిలబడి, ఒక చెయ్యి గాలిలోకి వాల్చి ఉంటాడు. ఆ చెయ్యి ఆనుకున్న నంది ఇప్పుడు లేదు. అయినా ఆ మోచేతి వాలు చూస్తే అక్కడ ఎద్దు మూపురం కనిపిస్తుంది.

శంఖచక్రాలు ఉంటే విష్ణువేనా?

తొంభై పాళ్ళు విష్ణువే. మిగతా పది పాళ్ళలో దుర్గ ఉంటుంది. విష్ణుదుర్గ వెనక చేతుల్లో శంఖచక్రాలు, ముందు చేతుల్లో అభయం, కటిహస్తం ఉంటాయి. అరిగిపోయిన చిన్న విగ్రహంలో ఇది అచ్చం విష్ణువులా కనిపిస్తుంది. కాళ్ళ కింద చూడండి. దున్నపోతు తల ఉంటే అమ్మవారు.

వెనక చేతులు శంఖచక్రాలను పిడికిలితో పట్టుకోవు. పాత విగ్రహాల్లో రెండు వేళ్ళ మధ్య కత్తెరతో పట్టినట్టు నిలబెడతారు. ఆ చేతిపేరే కర్తరీముఖం. శివుడి జింక, గొడ్డలి కూడా అలాగే రెండు వేళ్ళ కొసన నిలుస్తాయి.

శంఖం, చక్రం, గద, పద్మం ఏ చేతిలో ఉన్నా ఒకటేనా?

కాదు. ఆచమనం చేసేటప్పుడు కేశవాయ, నారాయణాయ, మాధవాయ అంటూ 24 నామాలు చెబుతాం కదా. ఆ 24 పేర్లకూ 24 మూర్తులున్నాయి. అందరూ నిలబడే ఉంటారు, అందరికీ నాలుగు చేతులే, అందరివీ అవే నాలుగు వస్తువులు. తేడా అంతా ఏ వస్తువు ఏ చేతిలో ఉందన్న దాంట్లోనే. నాలుగు వస్తువులను నాలుగు చేతుల్లో ఎన్ని రకాలుగా అమర్చవచ్చో లెక్కవేస్తే సరిగ్గా 24 వస్తుంది. ఇది మొదటిసారి లెక్కవేసుకున్న రోజు నేను ఆ సంతోషంతో చాలాసేపు కూర్చుండిపోయాను. చిన్నప్పటినుంచీ నోటికి వచ్చిన నామాల వెనక ఇంత కచ్చితమైన గణితం ఉందని ఎవరూ చెప్పలేదు.

ఉదాహరణకు కేశవుడికి కుడి ముందు చేత పద్మం, కుడి వెనక చేత శంఖం, ఎడమ వెనక చేత చక్రం, ఎడమ ముందు చేత గద. మిగతా పేర్ల దగ్గర గ్రంథానికీ గ్రంథానికీ కొంత తేడా ఉంటుంది. అందుకే ఒక్క పుస్తకం చూసి తీర్పు చెప్పేయకూడదు. మామూలుగా మన ఇళ్ళలో ఉండే విష్ణువుకు కుడి వెనక చేత చక్రం, ఎడమ వెనక చేత శంఖం, ముందు చేతుల్లో అభయం, గద లేదా కటిహస్తం ఉంటాయి.

వేంకటేశ్వరుణ్ణి మామూలు విష్ణువు నుంచి ఎలా వేరుచేస్తాం?

కుడి ముందు చెయ్యి. అది అభయంగా పైకి లేవదు. వరదహస్తంగా కిందికి దిగి పాదాలను చూపిస్తుంది. ఎడమచెయ్యి నడుం మీద ఉంటుంది. తన పాదాలు పట్టినవాడికి సంసార సముద్రం నడుము లోతే అని చెబుతున్నాడని పెద్దలు అర్థం చెప్పేవారు. కుడిరొమ్ము మీద వక్షస్థల లక్ష్మి ఉంటుంది. చిన్న విగ్రహాల్లో అది చుక్కంత త్రికోణంగానో చిన్న పుటంగానో మిగులుతుంది.

ఒకే దేవుడికి లోహంలో ఎన్ని రూపాలు ఎందుకు అవసరమవుతాయో తెలియడానికి తిరుమల కంటే మంచి చోటు లేదు. గుడి పూజల తీరు చెప్పే వైఖానస ఆగమం ప్రకారం అక్కడ పంచబేరాలు, అంటే ఒకే దేవుడికి అయిదు విగ్రహాలున్నాయి. కదలని మూలవిరాట్టు ధ్రువబేరం. రోజువారీ సేవలందుకునే వెండి భోగ శ్రీనివాసమూర్తి కౌతుకబేరం, పల్లవ రాణి సామవై సమర్పించినది. ఉగ్ర శ్రీనివాసమూర్తి స్నపనబేరం, ఏడాదికోసారి కైశిక ద్వాదశినాడు సూర్యోదయానికి ముందే మాడవీధుల్లోకి వస్తాడు. మనకు వాహనాల మీద దర్శనమిచ్చే మలయప్పస్వామి ఉత్సవబేరం. కొలువు శ్రీనివాసమూర్తి బలిబేరం, ఆయన ముందే ఆనాటి పంచాంగం, లెక్కలు చదువుతారు. రాతి దేవుడు కదలడు కాబట్టి, స్నానం చేయించుకోవడానికీ ఊరేగడానికీ లోహపు దేవుడు వచ్చాడు. చిన్న లోహవిగ్రహాలన్నిటికీ మూలం ఈ అవసరమే.

పీఠానికి రంధ్రాలు, కడియాల్లాంటివి ఎందుకు?

ఊరేగింపు కోసం. ఆ రంధ్రాల్లోంచి కర్రలు దూర్చి, తాళ్ళతో కట్టి, విగ్రహం ఒరగకుండా పల్లకీకి బిగిస్తారు. పీఠం మీద రెండు పక్కలా చిన్న మేకుల్లాంటివి ఉంటే అవి విగ్రహం వెనక నిలిపే తోరణం, అదే ప్రభావళి, దిగేసే చోట్లు. మీ విగ్రహానికి ప్రభావళి లేకపోయినా ఆ గుర్తులుంటే ఒకప్పుడు ఉండేదని అర్థం.

అయ్యవారి పక్కన ఇద్దరు అమ్మవార్లు ఉన్నారు. శ్రీదేవి ఎవరు, భూదేవి ఎవరు?

శ్రీదేవి స్వామికి కుడివైపు నిలబడి ఎడమచేత తామర పట్టుకుంటుంది. ఆమెకు రొమ్ము మీద కుచబంధం అనే పట్టీ ఉంటుంది. భూదేవి ఎడమవైపు నిలబడి కుడిచేత నల్లకలువ పట్టుకుంటుంది, ఆమెకు ఆ పట్టీ ఉండదు. పువ్వు ఎప్పుడూ స్వామి వైపు చేతిలో ఉంటుందని గుర్తుపెట్టుకుంటే చాలు. పూజగూట్లో ఇద్దరినీ తారుమారు చేసి పెట్టేవాళ్ళు చాలామంది. పూలున్న చేతులు రెండూ బయటివైపుకు వచ్చాయంటే స్థానాలు మారాయన్నమాట.

స్వామి పక్కనున్నప్పుడు దేవికి రెండే చేతులు. తనంత తానుగా ఆరాధన అందుకునేటప్పుడు నాలుగు. లక్ష్మి, పార్వతి ఇద్దరికీ ఇదే సాధారణ నియమం.

రాముడికి సీత ఏ పక్కన ఉండాలి?

రామరక్షా స్తోత్రం చదివేవాళ్ళు లక్ష్మణుడు కుడివైపు, సీత ఎడమవైపు అంటారు. దక్షిణాది పాత లోహవిగ్రహాల్లో తరచుగా సీత కుడివైపున, లక్ష్మణుడు ఎడమవైపున ఉంటారు. వైఖానస సంప్రదాయమూ అదే. భద్రాచలంలో సీతమ్మ రాముడి ఎడమ తొడమీద కూర్చుంది, పైగా ఆ రాముడికి నాలుగు చేతులు. ఈ మూడింటిలో ఏదీ తప్పు కాదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎలా పెట్టారో అలాగే ఉంచండి.

రాముణ్ణీ లక్ష్మణుణ్ణీ విడదీయాలంటే ఎత్తు కొలవండి. లక్ష్మణుడు ఎప్పుడూ అన్నగారి కంటే కాస్త పొట్టి. హనుమంతుడు రాముడి ఛాతీ దాటడు. వంగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడే హనుమంతుడు దొరికితే చాలా శ్రద్ధగా చూడండి. పెద్దల ముందు మాట్లాడేటప్పుడు ఊపిరి తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకునే మర్యాదను లోహంలో పోశారు.

శివుడే అని ఎలా నిర్ధారించుకోవాలి? లింగం కాకుండా రూపమూ ఉంటుందా?

వెనక చేతుల్లో గండ్రగొడ్డలి, జింక ఉంటే శివుడు. తలమీద నెలవంక, చెవుల్లో రెండు రకాల కుండలాలు ఉంటాయి, కుడిచెవికి మకరకుండలం, ఎడమచెవికి ఆడవాళ్ళ కమ్మ. ఎదురుగా చూస్తే అర్ధనారీశ్వర తత్వం మొత్తం ఆ రెండు చెవుల్లో ఉంది.

శివుడు, ఉమ కూర్చుని, మధ్యలో బుజ్జి స్కందుడు నిలబడి ఉంటే అది సోమాస్కందమూర్తి. స+ఉమ+స్కంద, అంతే. చిన్న విగ్రహాల్లో అన్నిటికంటే ముందు ఊడిపోయేది పాపం ఆ పిల్లవాడే. దంపతుల మధ్య ఖాళీ జాగా, పీఠం మీద చిన్న గుంట కనిపిస్తే అక్కడ స్కందుడు ఉండేవాడు.

నటరాజు విగ్రహం ఇంట్లో ఉంటే గొడవలు వస్తాయంటారు. నిజమేనా?

ఈ ప్రశ్న వారానికొకరు అడుగుతారు. భయపడేవాళ్ళను నేను తప్పుపట్టను, కానీ విగ్రహాన్ని ఒకసారి దగ్గర కూర్చుని చదవమంటాను.

కుడి వెనక చేతిలో ఢమరుకం, సృష్టికి మొదటి శబ్దం. ఎడమ వెనక చేతిలో అగ్ని, లయం. కుడి ముందు చెయ్యి అభయం, భయపడవద్దు అంటోంది. ఎడమ ముందు చెయ్యి ఏనుగు తొండంలా ఛాతీకి అడ్డంగా వచ్చి, ఎత్తిన ఎడమపాదాన్ని చూపిస్తోంది, ఇదే శరణు అని. కుడిపాదం కింద ఉన్న మరుగుజ్జు అపస్మారుడు. అపస్మారం అంటే మరపు, అజ్ఞానం. అతణ్ణి చంపలేదు, తొక్కి పట్టాడంతే. విరబోసుకున్న జడల్లో కుడివైపు చేతులు జోడించిన చిట్టి బొమ్మ గంగ. చుట్టూ ఉన్న జ్వాలావలయం మకరాల నోళ్ళలోంచి పుట్టి మళ్ళీ అక్కడికే చేరుతుంది.

ఇంత వేగంగా తిరుగుతున్నవాడి ముఖంలో కోపం ఉందేమో చూడండి. లేదు. అందుకే దీన్ని ఆనందతాండవం అన్నారు. 10వ శతాబ్దంలో చోళరాణి సెంబియన్ మహాదేవి కట్టించిన గుళ్ళలో నటరాజుకు గౌరవస్థానం దక్కింది. ఆ కాలం నుంచి వేల ఇళ్ళలో, గుళ్ళలో ఆయన ఉన్నాడు. మన కూచిపూడి నర్తకులు ఆయన్ను వేదిక మీద పెట్టుకోకుండా గజ్జె కదపరు. నా మట్టుకు, అభయహస్తం చూపిస్తున్న దేవుణ్ణి చూసి భయపడటం ఆయన మాట వినకపోవడమే.

చిన్నపిల్లవాడు నాట్యం చేస్తున్నాడు. కృష్ణుడే కదా?

తొందరపడకండి. ముగ్గురున్నారు. ఒంటికాలి మీద ఆడుతూ ఒక చెయ్యి నాట్యభంగిమలో చాపి, రెండో చేత వెన్నముద్ద గానీ అభయం గానీ చూపిస్తే నవనీత కృష్ణుడు. పాము పడగ మీద నిలబడి ఎడమచేత దాని తోక పట్టుకుంటే కాళీయమర్దనుడు. తోక విరిగిపోతే పీఠం చూడండి, పడగ మిగిలే ఉంటుంది.

మూడోవాడు కృష్ణుడు కానే కాదు. అదే ఒడ్డూ పొడుగూ, అవే నగలు, అదే ఆట. కానీ కుడిచేతి చూపుడువేలు ఆకాశానికి ఎత్తి ఉంటుంది. ఆయన తమిళ శైవభక్తుడు తిరుజ్ఞాన సంబంధర్. శీర్గాళి కోనేటి గట్టున మూడేళ్ళ పసివాడికి పార్వతి పాలిచ్చిందనీ, ఎవరిచ్చారని తండ్రి గద్దిస్తే పైకి వేలెత్తి చూపాడనీ కథ. చేతిలో చిన్న గిన్నె కూడా ఉండవచ్చు. నెల్లూరు, చిత్తూరు వైపు ఇళ్ళలో కృష్ణుడిగా పూజలందుకుంటున్న సంబంధర్ ఉన్నా నేను ఆశ్చర్యపోను. ఆ ఒక్క వేలి తేడాతో వైష్ణవం శైవమైపోతుంది.

పారాడే కృష్ణుడి విషయంలో ఈ చిక్కేమీ లేదు. ఒక చెయ్యి నేలకు ఆన్చి, ఇంకో చేత వెన్నముద్ద ఎత్తి, తల పైకెత్తి చూస్తుంటాడు.

వినాయకుడి తొండం కుడికి తిరిగితే ప్రమాదమా?

లోహవిగ్రహాల్లో ఎక్కువ వాటికి తొండం ఎడమకు తిరుగుతుంది. కారణం సులువు, ఉండ్రాళ్ళున్నది ఎడమ ముందు చేతిలో. కుడి ముందు చేతిలో విరిగిన దంతం, వెనక చేతుల్లో పాశం, అంకుశం. కుడికి తిరిగిన విగ్రహాలూ పూజలందుకుంటూనే ఉన్నాయి. దాన్ని చూసి విగ్రహం వదిలించుకోకండి.

గుర్రం మీద భార్యాభర్తలు, పక్కన కుక్క. ఇది ఏ దేవుడు?

దక్కను ఇళ్ళ దేవుడు. మహారాష్ట్రలో ఖండోబా, కర్ణాటకలో మైలారుడు, తెలంగాణలో మల్లన్న. కొమురవెల్లి, ఐనవోలు వెళ్ళినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. చేతిలో కత్తి, గుర్రం మీద ముందో వెనకో దేవేరి ఉంటుంది. మహారాష్ట్ర విగ్రహాల్లో ఆమె మ్హాల్సా. మన మల్లన్నకు బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ.

అలాగే లోహపు పలక మీద ఉబ్బెత్తుగా, కత్తి, డాలు, విల్లు, బాణం పట్టిన మీసాల వీరుడు నిలబడి, పక్కన మేకతలతో ఒకడు చేతులు జోడించి ఉంటే అది వీరభద్రుడు. మేకతలవాడు దక్షుడు. ఇవి చోళ విగ్రహాలంత నాజూగ్గా ఉండవు. కళ్ళు పెద్దవి, ఒళ్ళు మొరటు. అందుకే సేకర్తలు చాలాకాలం వీటిని పట్టించుకోలేదు. నాకు మాత్రం ఇవంటే ప్రత్యేకమైన అభిమానం. రాజులు చేయించినవి కావు ఇవి, కుటుంబాలు తరతరాలుగా తాకి తాకి నున్నగా చేసినవి.

ఆదిలాబాద్ ఓజ కళాకారులు పోసే డోక్రా బొమ్మలు మరో దారి. మట్టి బొమ్మ చుట్టూ మైనపు దారాలు చుట్టి పోస్తారు కాబట్టి లోపల బోలుగా ఉంటాయి, పైన దారపు చారలు కనిపిస్తాయి. పెంబర్తి పనివారిది ఇంకో విద్య, పోత కాదు, ఇత్తడి రేకును లోపలినుంచి కొట్టి ఉబ్బించడం. దేవుళ్ళ తొడుగులు, మకరతోరణాలు వాళ్ళ చేతివే.

ఒకే దేవుడి రెండు విగ్రహాలు ఎప్పుడూ ఒకేలా ఎందుకు ఉండవు?

అచ్చు పగలగొడతారు కాబట్టి. తమిళనాడులో కుంభకోణం పక్కన స్వామిమలైలో స్థపతులు, అంటే విగ్రహాలు పోసే శిల్పులు, ఇప్పటికీ ఇలాగే చేస్తున్నారు. ముందు తేనెమైనంలో గుగ్గిలం, నూనె కలిపి బొమ్మ చేస్తారు. దాని మీద కావేరి ఒండ్రుమట్టి పూత మీద పూత వేసి ఆరబెడతారు. వేడిచేస్తే మైనం కరిగి కారిపోతుంది, లోపల దేవుడి ఆకారంలో ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో కరిగిన లోహం పోసి, చల్లారాక మట్టి పగలగొడతారు. ఒక అచ్చుకు ఒకే దేవుడు. ఈ పద్ధతి సంస్కృతంలో మధూచ్ఛిష్ట విధానం. మధూచ్ఛిష్టం అంటే తేనె తీయగా మిగిలిన మైనం. పశ్చిమ చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో మానసోల్లాసంలో దీన్ని వివరంగా రాశాడు.

లోహం ఎంత కావాలో ముందే తెలుసుకోవడానికి మైనపు బొమ్మను తూకం వేస్తారు. మైనం నీటికంటే కాస్త తేలిక, రాగి నీటికి దాదాపు తొమ్మిది రెట్లు బరువు. కిలో మైనానికి తొమ్మిది కిలోలకు పైగానే రాగి సిద్ధం చేసుకోవాలి. దక్షిణాది విగ్రహాలు లోపల ఘనంగా ఉంటాయి, అందుకే జానెడు విగ్రహం కూడా చెయ్యి లాగేస్తుంది.

పోత అయ్యాక ఉలి, ఆకురాయి పని నెలలు పట్టవచ్చు. కళ్ళు తెరవడం చిట్టచివర.

ఇంత చిన్న విగ్రహంలో కొలతలు ఎలా పాటిస్తారు?

శిల్పి అంగుళం మన స్కేలు మీది అంగుళం కాదు. విష్ణువు, శివుడు వంటివారికి ఉత్తమ దశతాళం అనే కొలత, అంటే విగ్రహం ఎత్తును 124 భాగాలు చేసి ఒక్కో భాగాన్ని అంగుళం అంటారు. ప్రధాన దేవేరులకు మధ్యమ దశతాళం, 120. గణపతికి పంచతాళం, అందుకే ఆయన పొట్టి, బొద్దు. విగ్రహం పెరిగితే అంగుళమూ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. జానెడు విగ్రహంలో అంగుళం రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. అందులో మళ్ళీ ఎనిమిదో వంతు యవ. స్థపతి దగ్గర దీనికి కొబ్బరాకు చీలిక ఉంటుంది. విగ్రహం ఎత్తుకు కోసి, మడతల మీద మడతలు పెట్టి, ఆ మడత గుర్తులతోనే నుదురు, ముక్కు, నాభి ఎక్కడెక్కడో తేలుస్తాడు.

ఇంట్లో ఎంత ఎత్తు విగ్రహం పెట్టుకోవచ్చు?

మత్స్యపురాణం చెప్పేది బొటనవేలి కణుపంత నుంచి జాన వరకు, అంటే పన్నెండు వేళ్ళు. అంతకు మించితే ఆగమ పద్ధతిలో నిత్యపూజ, నైవేద్యం తప్పకుండా జరగాలని పెద్దలంటారు.

ముఖం అరిగిపోయింది. తోమి మెరిపించవచ్చా?

ముఖం అరిగింది అలా తోమడం వల్లనే. చింతపండు పులుపు పైపొరను తింటుంది, దానికి ఇటుకపొడో బూడిదో తోడైతే కనుబొమలు, పెదవి గీత పోతాయి. గుళ్ళలో శతాబ్దాల అభిషేకాలతో అరిగిన కళ్ళను మళ్ళీ చెక్కించిన విగ్రహాలు చాలా ఉన్నాయి. పూజలో ఉన్న విగ్రహాన్ని నీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో పూర్తిగా తడి లేకుండా తుడవండి. పాత విగ్రహం మీది నున్నటి గోధుమ, ఆకుపచ్చ పొర దానికి రక్షణ, గీకవద్దు. లేత ఆకుపచ్చగా పొడిలా రాలే కిలుము మాత్రం ప్రమాదకరం, అది లోహాన్ని లోపలికి తినేస్తుంది. పొడిచోట విడిగా ఉంచి, మ్యూజియంలో సంరక్షణ పని తెలిసినవారికి చూపించండి.

మా ఇంట్లో పాత విగ్రహం ఉంది. అమెరికా తీసుకెళ్ళవచ్చా?

వందేళ్ళు దాటిన విగ్రహమైతే కుదరదు. 1972 పురావస్తు చట్టం ప్రకారం అలాంటివి నమోదు చేయించాలి, వ్యక్తులు దేశం దాటించకూడదు. కొత్తదైనా పాతదానిలా కనిపిస్తే, పురావస్తువు కాదని భారత పురావస్తు శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకుని బయల్దేరండి. పొలం దున్నుతుంటే విగ్రహం బయటపడితే కలెక్టరుకు తెలియజేయాలి, 1878 నుంచి ఉన్న నిధినిక్షేపాల చట్టం చెప్పేది అదే.

ఒక పని మాత్రం ఈ రోజే చేయండి. మీ విగ్రహాన్ని ముందు, వెనక, అడుగు ఫొటోలు తీసి, ఎత్తు, బరువు రాసి పెట్టుకోండి. తమిళనాడులోని ఆనందమంగళం గుడి నుంచి 1978లో దొంగలెత్తుకుపోయిన సీతారామలక్ష్మణులు 2020లో ఇంగ్లండు నుంచి తిరిగి వచ్చారు. వాళ్ళను గుర్తుపట్టింది 1958లో పాండిచ్చేరి ఫ్రెంచి సంస్థవారు తీసిపెట్టిన ఫొటోల వల్ల.

విల్లు పోయిన రాముడికి కొత్త విల్లు చేయించవచ్చా?

చేయించండి. ఊళ్ళో కంసాలికి విగ్రహం చూపించి, పిడికిలి రంధ్రం కొలిచి, వెండితోనో ఇత్తడి తీగతోనో చేయించవచ్చు. విగ్రహానికి అతికించనివ్వకండి, కొత్త రంధ్రం వేయనివ్వకండి. విల్లు దోపి తీసేలా ఉండాలి, మొదటినుంచీ ఉన్న పద్ధతి అదే.

అమ్మమ్మ పోయాక మా మామయ్య ఆమె రాముడికి వెండి విల్లు చేయించాడు. శ్రీరామనవమికి పెడతాం. మిగతా రోజుల్లో ఆ పిడికిట్లో తులసిరెమ్మే ఉంటుంది.